చింతపండు గోత్రం అడిగేవారికి



తెలుగులోని అన్యదేశ్యాలను ఏరి పారవేయాలనే ఉబలాటం మళ్ళీ బయలుదేరింది. అరబ్బీ పదమో, పారసీక పదమో కనబడితే చాలు, అది దండయాత్రల నాటి మచ్చ అట. ఊరి పేరైనా సరే, చెరిపివేయవలసిందేనట. ఈ శుద్ధివాదులకు తోడు మరొక పక్షం కలదు. లోకంలోని ప్రతి మాటా మన గడప దాటి వెళ్ళినదేనని వీరి నమ్మకం. ఇరుపక్షాలకూ నిఘంటువు తెరిచే అలవాటు తక్కువ. అందుచేత ఇద్దరినీ ఒకే చెట్టు కిందికి పిలిచి మాట్లాడదలచాను. అది చింతచెట్టు.

ఆంగ్లంలో చింతపండును టామరిండ్ అంటారు. ఇది అరబ్బీలోని 'తమ్ర్ హిందీ', లాటిన్ మీదుగా ఐరోపా భాషలకు చేరింది. తమ్ర్ అనగా పండి ఎండిన ఖర్జూరం. హీబ్రూలో ఖర్జూరపు చెట్టుకున్న 'తామార్' అనే పేరు దీనికి తోబుట్టువు. హిందీ అనగా ఇక్కడ భాష కాదు, హింద్ దేశానికి చెందినది అని. ఆ హింద్ మన సింధువే; పారసీకుల నోట సకారం హకారమైంది. వెరసి 'హింద్ దేశపు ఖర్జూరం'.

చింతకూ ఖర్జూరానికీ పోలిక ఏమిటని అడుగుతారా? చెట్లకు ఏ పోలికా లేదు. ఒకటి కొమ్మలు విరబోసుకున్న మహావృక్షం, మరొకటి ఒంటి కంబం. కాని గింజ తీయకుండా ముద్దకట్టిన చింతపండును, అదిమి ముద్దచేసిన ఖర్జూరాన్ని పక్కపక్కన పెట్టి చూడండి: అదే రంగు, అదే జిగట. ఈ పేరు తోటలో పుట్టినది కాదు, అంగడిలో పుట్టినది కాబోలు. కొబ్బరికాయనూ అరబ్బులు ఇదే పద్ధతిలో 'జౌజ్ హిందీ', అనగా హింద్ దేశపు కాయ అన్నారు. మేలైన ఖడ్గాన్ని 'ముహన్నద్' అన్నారు; హింద్ ఉక్కుతో చేసినదని దాని భావం. ఆ ఉక్కు కోసం పారసీక వర్తకులు మా ఇందూరు సీమలోని కోనసముద్రానికి వచ్చేవారు. తన ఇంటి సరుకుకు పొరుగువాడి పేరు పెట్టి, దానిని తరతరాలు చెక్కుచెదరకుండా పలికేవాడిని భాషాశత్రువు అని ఎట్లా అంటాం?

ఇక స్వాతిశయవాదుల సంగతి. 1753లో లినేయస్ ఈ చెట్టుకు టామరిండస్ ఇండికా అని శాస్త్రనామం పెట్టాడు. హింద్ అన్న మాట ఒకే పేరులో రెండుమార్లు చేరింది. అది చూసి మురిసిపోవలసిన పని లేదు. వృక్షశాస్త్రజ్ఞులు ఈ చెట్టు పుట్టినిల్లు ఉష్ణమండల ఆఫ్రికా అంటున్నారు. మన దేశానికి అది వేల ఏండ్ల కిందటే వచ్చి, మన పులుసులో, మన ఊరి పేర్లలో స్థిరపడింది. చింతపల్లి, చింతకుంట, చింతలపూడి అన్నీ ఆ అతిథి పేరు మోస్తున్నవే. వచ్చిన చెట్టు మనదైనప్పుడు వచ్చిన మాట మనది ఎందుకు కాదు?

'చింత' సంస్కృత 'చించా' శబ్దానికి తద్భవమని మా పండితవర్గంలో కొందరు చెబుతారు. దిగులు అనే అర్థంలోని చింతకు ముడిపెట్టి కథలల్లేవారూ ఉన్నారు. రెండవదానికి జవాబే అనవసరం; ధ్వని ఒకటైనంత మాత్రాన పుట్టుక ఒకటి కాదు. మొదటిదానికి జవాబు 1961లో బరో, ఎమెనో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో కలదు. గోండీ, పర్జీ వంటి అడవి భాషలలో మన చింతకు సజాతి పదాలున్నాయి. చించాయే ద్రావిడం నుండి సంస్కృతానికి వెళ్ళి ఉంటుందని ఎంచడానికి ఇది బలమైన ఆధారం. పదాలు ఒకే దిక్కుకు పారే ఏరులు కావు. సంస్కృత నారంగం పారసీకంలో నారంగ్ అయి, అరబ్బీలో నారంజ్ అయి, స్పెయిన్ చేరి నరాంజ అయింది.

మరొక వింత చూడండి. హైదరాబాదు ముస్లిముల ఇండ్లలో చింతపండును తమ్ర్ హిందీ అనరు, ఇమ్లీ అంటారు. అది సంస్కృత అమ్లికా నుండి వచ్చిన మాట. లేత చింతాకు వేసి వండిన మాంసాన్ని 'చిగుర్ గోష్త్' అంటారు. ఆ చిగుర్ మన చిగురే! వారు మన మాటను వంటగదిలో పెట్టుకున్నారు. మనం వారి మాటను వాకిట్లో కూడా ఉండనీయమంటున్నాం.

శుద్ధివాదులు నిజాయితీపరులైతే ముందుగా 'రైతు'ను వదులుకోవాలి. అది అరబ్బీ రఇయ్యత్. తరువాత 'హక్కు', ఆపై 'జిల్లా', 'వకీలు', 'జవాబు'. రైతు లేని, హక్కు లేని, జవాబు లేని భాష ఎవరికి కావాలి? తెలంగాణ పలుకును తురక తెలుగని చాలాకాలం వెక్కిరించారు. ఆ వెక్కిరింపే ఇప్పుడు శుద్ధి అనే కొత్త పంచె కట్టుకుని వచ్చింది. నస్ర్ అనగా సహాయం, విజయం. నస్రుల్లా అనగా దైవసహాయం. ఆబాద్ అనగా జనంతో కళకళలాడే చోటు. 2016లో కామారెడ్డి జిల్లాతో పాటు మండలమైన మా నస్రుల్లాబాద్ పేరులో ఇంతకన్నా అపరాధం లేదు. తరగతిలో ఒక పిల్లవాడి ఇంటి మాటను పరాయిదని అంటే, ఆ వాడు పరాయివాడయ్యేది మాటకంటే ముందు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. పైకి ఎక్కినవారిలో చింత అన్నవారెందరో, ఇమ్లీ అన్నవారెందరో ఎవరూ లెక్కపెట్టలేదు.

నా మాటలో తప్పుంటే ఆధారంతో రండి, సంతోషంగా చర్చిద్దాం. ఆధారం లేనివారు కనీసం బడిపిల్లల ముందు ఈ శుద్ధివాదం ఎత్తకుండా ఉంటే, అదే తెలుగుకు చేసే మేలు.