తెల్ల చెట్టు మోజు, మండే ఎండ

విదేశీ ఇళ్ల ఫోటోల్లో పచ్చిక మధ్య వెన్నెల పూసుకున్నట్లు నిలబడే తెల్లటి మానును చూసి మనసు పారేసుకోనివారు తక్కువ. దాని పేరు బర్చ్. ఫరీదాబాద్ సెక్టార్లలో ఇంటి ముందు కాస్త జాగా ఉన్నవారికి అలాంటిదొకటి నాటుకోవాలనిపించడం సహజమే. కానీ మొక్క కోసం బయల్దేరే ముందు ఒకసారి థర్మామీటరు వంక చూడటం మంచిది.

నిజానికి బర్చ్ మనకు పరాయిదేమీ కాదు. భూర్జపత్రం అని పెద్దలు చెప్పేది ఆ జాతి చెట్టు బెరడే. కాగితం రాకముందు కాశ్మీరు పండితులు దానిమీదే రాసుకున్నారు. 1881లో పెషావర్ సమీపాన బక్షాలీలో దొరికిన, సున్నాకు చుక్క పెట్టిన ప్రఖ్యాత గణిత గ్రంథం కూడా భూర్జపత్రాలే. అయితే ఆ చెట్టు కాపురం హిమాలయాల్లో, సుమారు 3,000 మీటర్ల ఎత్తున. గంగోత్రి నుంచి గోముఖ్ వెళ్లే దారిలోని భోజ్‌బాసాకు ఆ పేరు వచ్చింది దీనివల్లే. వంటచెరకుకు నరకడంతో సొంత గడ్డపైనే అది పలచబడింది. పర్వతారోహకురాలు హర్షవంతి బిష్త్ 1989లో గంగోత్రి పరిరక్షణకు పూనుకుని, అక్కడ మళ్లీ భోజ్ మొక్కలు పెంచారు.

బర్చ్ పెంపకంలో సూత్రం ఒక్కటే: తల ఎండలో, కాళ్లు చల్లటి నేలలో. దాని వేళ్లు పైపైనే పాకుతాయి. నేల ఎండినా, వేడెక్కినా ముందు దెబ్బతినేది అవే. నీరసించిన చెట్టును కాండం తొలిచే పురుగు పట్టుకుంటుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారైతే రివర్ బర్చ్‌ను ఎంచుకోవచ్చు. అది వేడిని కొంత తట్టుకుంటుంది, పురుగుకూ సులువుగా లొంగదు. మొదట్లో చెక్కపొట్టు పరచి, తేమ ఆరకుండా చూడాలి. చలికాలం చివర్లో కొమ్మలు కత్తిరిస్తే రసం ధారగా కారుతుంది కనుక ఆ పని వేసవికి వాయిదా వేయాలి.

ఫరీదాబాద్‌లో ఆ సూత్రమే తలకిందులవుతుంది. మే, జూన్‌లలో ఎండ 45 డిగ్రీల దాకా వెళుతుంది. పైగా లూ గాలి, క్షార నేల, చాలాచోట్ల ఉప్పగా ఉండే బోరు నీరు. ఎన్ని బకెట్లు పోసినా కాళ్లు చల్లబడవు. ఖరీదైన మొక్క ఒక్క వేసవికే కట్టెగా మారుతుంది.

మరి ఏం నాటాలి? జవాబు ఊరి పక్కనే ఉంది. ఫరీదాబాద్ జిల్లాలోని మాంగర్ బనీ అనే దేవరకాడులో స్థానికులు తరతరాలుగా కొమ్మ విరవరు. అక్కడ బండరాళ్ల సందుల్లో వేళ్లు దించి నిలబడింది ధౌ చెట్టు. మన చిరుమానుకు దగ్గరి బంధువు. తెల్ల బెరడే కావాలంటారా? ఆరావళి కొండల్లో కులూ అనే చెట్టుంది. కాగితంలా పొరలు ఊడే తెల్లటి మాను. తెలుగువారికి అది తెలిసిన చెట్టే: మన గిరిజనులు బంక తీసే తపసి. అయితే దానికి నీరు నిలవని రాతి నేల కావాలి. మామూలు పెరటికి వేప, రేల, దేవకాంచనం చాలు.

నాటడానికి అదను తొలకరి. మూడడుగుల గొయ్యి తీసి, మట్టిలో బాగా మాగిన ఎరువు కలపాలి. రోజూ చెంబెడు చల్లడం కన్నా, వారానికి ఒకటి రెండుసార్లు నేల లోతుకు ఇంకేలా పోయడం మేలు. మొదటి రెండు వేసవులూ దాటితే చెట్టు తన బతుకు తాను చూసుకుంటుంది. ఆర్‌వో యంత్రం వదిలే ఉప్పునీరు మాత్రం పోయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మొదలు చుట్టూ టైల్స్ పరచకపోవడం. చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఢిల్లీ అధికారులను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఇంటి గేటు లోపల ఆ పని చేయడానికి ఎవరి ఆదేశమూ అక్కర్లేదు.

కాశ్మీరువారు భూర్జం మీద రాసుకుంటే తెలుగువారు తాటాకు మీద గంటం పట్టారు. ఎవరి నేల ఇచ్చినది వారు వాడుకున్నారు. పెరటికీ అదే నీతి.