ఆదివారం చాకిరీ

మొన్న ఓ పెళ్లిభోజనాల దగ్గర ఒక పెద్దమనిషి తీర్పు చెప్పేశాడు: "కన్నతల్లిని హోమ్‌లో పడేసినవాళ్లకి ముద్దెలా దిగుతుందో!" ఆ మాట ఎవరికి తగలాలో ఆవిడ పక్క వరుసలోనే ఉంది. అరవై దాటిన మనిషి. ఆవిడ మోకాళ్లే ఆవిడ మాట వినడం లేదు, మంచం పట్టిన తల్లిని ఎత్తి కూర్చోబెట్టేదెవరు?

హోమ్‌లో చేర్చగానే చాకిరీ తీరిపోతుందనుకునేవాళ్లు ఒక్క ఆదివారం అక్కడ కూర్చుని చూడాలి. గోళ్లు తీయాలి. పక్కకి తిప్పి నడుం కింద పుండ్లు పడుతున్నాయేమో చూడాలి. వినికిడి మిషన్‌కి బ్యాటరీ, అయిపోవస్తున్న డైపర్లు, బీపీ మాత్రల అట్టలో మిగలకూడనివి మిగిలాయా అన్న లెక్క... ఆయాని గట్టిగా అడుగుదామంటే, మనం గేటు దాటాక ఆ కోపం అమ్మ మీద తీర్చుకుంటుందేమోనని భయం. అందుకే నవ్వుతూ చేతిలో వంద పెట్టి రావాలి. ఇదంతా చేసేది ఎక్కువగా కూతురు, లేకపోతే కోడలు. డాలస్‌లోని కొడుకు వీడియో కాల్‌లో "అమ్మ చిక్కిపోయిందేంటి?" అని ఆరా తీస్తాడు.

తల్లిదండ్రుల్ని గాలికొదిలేస్తే మూడు నెలల వరకూ జైలు, లేదా 5,000 రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ అంటుంది 2007 చట్టం. బాగుంది. మరి వదలనివాళ్ల సంగతి? కేంద్ర ఉద్యోగినికి పిల్లల కోసం సర్వీసులో 730 రోజుల సెలవుంది. ఉండాల్సిందే. అమ్మానాన్నల పేరున విడిగా ఒక్కరోజు లేదు. ఉన్న సెలవులే వాడుకోవచ్చని 2025లో పార్లమెంటులో సెలవిచ్చారు! తల్లిదండ్రుల్ని చూడని ఉద్యోగుల జీతం కోసే చట్టం అస్సాం 2017లో తెచ్చింది. అదే అస్సాం 2024 నవంబరులో తల్లిదండ్రులతో, అత్తమామలతో గడపమని ఉద్యోగులకు రెండు రోజుల ప్రత్యేక సెలవూ ఇచ్చింది. తెలంగాణ ముఖ్యమంత్రికి నచ్చింది మాత్రం కోతే.

అన్నట్టు, ఇలా చూడ్డానికి వెళ్లేవాళ్లలో చాలామంది తామే సీనియర్ సిటిజన్లు. 58 నిండిన ఆడవాళ్లకి రైలు టిక్కెట్టులో సగం, 60 నిండిన మగవాళ్లకి 40 శాతం తగ్గేది. 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి తీసేశారు. కరోనా పోయింది, రాయితీ రాలేదు. లోయర్ బెర్త్ కోటా మాత్రం మిగిల్చారు. అదీ ఒక టిక్కెట్టు మీద ఒకరో ఇద్దరో ఉంటేనే. భర్తతోపాటు మనవరాల్నీ వెంటబెట్టుకుంటే అదీ లేదు.