అచ్చుకాగితముల భూగోళవిద్య

ఏ పట్టణమునందైనను పుస్తకముల దుకాణమున కేగి భారతదేశపు అవుట్‌లైన్ పటము కావలెనన్న చాలును, దొంతరలుగా తీసి యిత్తురు. నదుల కొకటి, రాష్ట్రముల కొకటి, ఖనిజముల కొకటి. వానికి తోడు వర్క్‌షీట్లను కాగితములు బయలుదేరినవి: ఖాళీలు పూరింపుము, జతపరుపుము, రంగు వేయుము. ప్రాజెక్టు పేర థర్మోకోలు అగ్నిపర్వతములును, కత్తిరించి సిద్ధపరచిన బొమ్మల చార్టులును కలవు. తండ్రి కొనును, తల్లి అంటించును, బాలుడు పేరు వ్రాయును, ఉపాధ్యాయుడు మార్కులు వేయును. నలుగురును శ్రమపడిరి గాని భూమిని ఒక్కరును చూడలేదు. దీనికి కృత్యాధార బోధన మని పేరు పెట్టుకొని మనము సంతసించుచున్నాము.

న్యాయవాదిని గనుక చట్టముమాట ముందుగా చెప్పెదను. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము తన 29వ సెక్షనులో, బిడ్డలు కృత్యములచేతను, తామై కనుగొనుటచేతను, అన్వేషణముచేతను నేర్వవలెనని విధించినది. బడిలోని చదువునకు బడివెలుపలి బ్రతుకుతో సంబంధము కల్పింపవలెనని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము తన మొదటి సూత్రముగనే చెప్పినది. మన పాఠశాలలు ఈ విధులలో కృత్యమను నొక్కమాటను పట్టుకొని, దానిని అచ్చొత్తించి, తక్కినవానిని విడిచిపుచ్చినవి. ఒక సెక్షనులో మూడు షరతులుండగా ఒకటి నెరవేర్చితిమి చాలునను వాదము ఏ కోర్టునందైనను నిలుచునా?

ఇందువలన కలుగు నష్టమేమని అడుగువా రుందురు. బెజవాడవా రడుగరు. గోదావరి త్ర్యంబకమున పుట్టుననియు, దాని పొడవు 1,465 కిలోమీటర్లనియు అప్పగించు బాలుడు ఆ నగరమున వేలకొలది కలడు. 2024 సెప్టెంబరు 1వ తేదీన అతని యింటిలోనికి వచ్చినది గోదావరియు కాదు, కృష్ణయు కాదు, బుడమేరు. అది భారతదేశపు అవుట్‌లైన్ పటములో లేదు. ఉండుటకు చోటును లేదు. మైలవరపు కొండలలో పుట్టి, నగరపు ఉత్తరభాగమును ఒరసికొని, కొల్లేటిలో కలియు వాగు అది. వెలగలేరువద్ద రెగ్యులేటరు కట్టి, దాని వరదను మళ్లింపు కాలువ ద్వారమున కృష్ణలోనికి పంపు ఏర్పాటున్నది. కాని కృష్ణయే పొంగి నిలిచినపుడు ఆ నీరెక్కడికి పోవును? ఆ దినములలో ప్రకాశము బ్యారేజీవద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము నడచినది. కాలువ నీరు వెనుకకు తన్నినది, కట్టకు మూడు గండ్లు పడినవి, అజిత్‌సింగ్ నగరము, పాయకాపురము మునిగినవి. జనులు మేడలమీద దినములు గడపిరి.

వాన కారణము, ఆక్రమణలు కారణము, అధికారుల అలసత్వము కారణము, కాదనను. అయినను, పల్లమెక్కడ, మెరక యెక్కడ, తన వీధినీరు ఏ కాలువను చేరి ఏ వాగులో పడును అను మూడు ప్రశ్నలకు సమాధానము నెరిగిన ప్రజ, వాగుగర్భమున ప్లాటు అమ్మవచ్చినవానిని అడుగవలసిన ప్రశ్న అడిగియుండెడిది. పది సంవత్సరములు సాంఘికశాస్త్రము చదివినవానికి ఈ మూడును చెప్పనిచో ఆ శాస్త్రము ఏ సంఘమునకు శాస్త్రము?

మా వృత్తిలో ఇది నిత్యానుభవము. హద్దు దావాలకు వచ్చువారిలో పదవతరగతి పటములలో పూర్తి మార్కులు పొందినవారు లేకపోలేదు. వారి సర్వే నంబరు కొలతల పటమును బల్లమీద పరచి, నీ పొలమునకు ఉత్తరపు హద్దు ఏదని అడిగిన, పటమును త్రిప్పి త్రిప్పి చూతురు. ఉత్తరమనగా గోడకు వ్రేలాడు పటముయొక్క పైభాగమని నేర్చిరి గాని, ధ్రువనక్షత్రమున్న దిక్కని నేర్వలేదు. ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో భూముల రీసర్వే ఆరంభమైనది. తన భూమి పటమును తాను చదువలేని రైతు ఇతరుని వ్రేలు చూపినచోట సంతకము చేయును. ఆ సంతకముల ఫలితములు మావద్దకే వచ్చును. మాకు ఫీజులు వచ్చుటయు నిజమే.

పటములు వలదని నే ననను. పాఠ్యపుస్తకములలో పటనైపుణ్యములను ఒక సామర్థ్యముగ చేర్చినవారి ఉద్దేశము మంచిది. గంగ యెక్కడ, వింధ్య యెక్కడ అని యెరుగని పౌరుడు దేశమును గూర్చి ఓటు వేయుటయు హాస్యాస్పదమే. కాని తన యూరి పటమును అడుగులతో కొలిచి గీసిన బిడ్డకే దేశపటములోని చుక్క ఊరై కనబడును. ఇతరులకు అది చుక్కయే.

సాధనములు లేవందురా? ఆటస్థలములో ఒక కర్ర నిలువుగ పాతుడు. పగలు ప్రతి పావుగంటకును నీడకొనను గుర్తింపుడు. అన్నిటికన్న పొట్టినీడ ఉత్తరదక్షిణ రేఖను చూపును. ఆ నీడ కాకినాడలో పడిన పిమ్మట సుమారు 19 నిమిషములకు గాని అనంతపురమున పడదు. ఏలయన డిగ్రీకి 4 నిమిషముల చొప్పున రేఖాంశముల భేదము. రెండు ఊళ్ల పాఠశాలలు ఒకే దినమున చూచి ఫోనులో చెప్పుకొన్న, భూభ్రమణమునకు వేరే పాఠము వలయునా? మన అక్షాంశములలో ఏటికి రెండుదినములు మధ్యాహ్నమున కర్రకు నీడయే యుండదు; ఆ వింతను చూచినవాడు కర్కటరేఖను మరువడు. సీసా కోసి వర్షమానిని చేయుడు. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన యనగా ఒక లీటరు. 200 చదరపు మీటర్ల బడికప్పుపై 50 మిల్లీమీటర్లు కురిసిన 10,000 లీటర్లు. ఆ నీరెటు పోయెనో వానవెలిసిన పిమ్మట బిడ్డలను వెంబడింప నిండు. 1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియా తన పటములను చిరకాలము పెట్టెలో దాచినది. 2017లో ఉచితముగ దింపుకొను ఏర్పాటు చేసినది. కిలోమీటరును రెండు సెంటీమీటర్లుగ చూపు ఆ పటములు ఎన్ని పాఠశాలల గోడలమీద నున్నవి?

ఉపాధ్యాయుని నిందించుట నా యుద్దేశము కాదు. ఏబదిమంది బిడ్డలను రహదారి దాటించుటకు అతనికి అనుమతి లేదు, తోడు లేదు. ప్రమాదము జరిగిన శిక్ష మాత్రము కలదు. మిగిలిన వేళ ఫోనులో వివరములు ఎక్కించుటతో సరిపోవును. అట్టివానికి అచ్చుకాగితమే శరణ్యము. తప్పు కాగితపు పనిని మాత్రమే పనిగా లెక్కించు తనిఖీదారులది, రంగుల ఫైలును చూచి మురియు తలిదండ్రులది. మధ్యప్రదేశపు హోషంగాబాదు జిల్లాలో 1972 మొదలు పల్లెబడుల బిడ్డలు ప్రయోగములచేత విజ్ఞానశాస్త్రము నేర్చిరి. ఆ కార్యక్రమమును 2002లో ప్రభుత్వమే నిలిపివేసినది. ముప్పది యేండ్లు సాగినదానిని అసాధ్యమని యెవ్వ రనగలరు?

బెజవాడ ఉత్తరభాగపు పాఠశాలలు ఈ వర్షాకాలమున ప్రారంభింపవచ్చును. 2024 వరదనీరు తమ తమ వీధులలో ఎంతవరకు నిలిచినదో తొమ్మిదవతరగతి బిడ్డలు ఇంటింట పెద్దల నడిగి, గోడమీద చూపిన చోటును టేపుతో కొలిచి, వార్డు పటముపై వ్రాయుదురు గాక. పట్టణములోని పఠనమందిర సభ్యులు వారాంతమున ఒక గంట వారికి తోడు నడచుదురు గాక. సిద్ధమైన పటము ఒక ప్రతిని బడిగోడకును, ఒక ప్రతిని నగరపాలక సంస్థ ఇంజనీరునకును అందజేసి, చేరినట్లు రసీదు పుచ్చుకొందురు గాక.