అరెస్టు చిట్టా ఎవరి కోసం?

ఫలానా మనిషిని పోలీసులు అరెస్టు చేశారో లేదో తెలుసుకోవడం ఎలాగన్న ప్రశ్నను మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలో ముఖ్యంగా రెండు వర్గాలవారు అడుగుతారు. రాత్రి గదికి చేరని కొడుకు కోసం ఊరినుంచి ఫోను మీద ఫోను చేసే తల్లిదండ్రులు మొదటివారు. కొత్తగా చేరబోయే ఉద్యోగి పూర్వాపరాలను తవ్వి చూసే సంస్థలు రెండవవారు. ప్రశ్న ఒక్కటే గాని అవసరాలు ఒకదానితో ఒకటి పొసగవు. చట్టం ఈ చిట్టాను మొదటివారి కోసం రాయించింది. ఆచరణలో అది రెండవవారికే సులువుగా అందుతోందని నా ఫిర్యాదు.

దీని పుట్టుక ఒక ఉత్తరంలో ఉంది. 1986 ఆగస్టులో పశ్చిమ బెంగాలు న్యాయ సహాయ సంస్థకు చెందిన డి.కె. బసు, లాకప్ మరణాల వార్తలను జతపరచి సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. కోర్టు ఆ లేఖనే రిట్ పిటిషనుగా స్వీకరించింది. 1996 డిసెంబరు 18న వచ్చిన తీర్పులో 11 ఆదేశాలున్నాయి. అరెస్టు చేసిన చోటనే మెమో రాయాలి. దాని మీద కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. అరెస్టయిన వ్యక్తి చేత కూడా సంతకం చేయించాలి. అరెస్టు సంగతి, ఎక్కడ ఉంచారన్న సంగతి 12 గంటల లోపల జిల్లా కంట్రోల్ రూముకు తెలపాలి. అక్కడ నలుగురికీ కనిపించే బోర్డు మీద పెట్టాలి. మనిషి ఎక్కడున్నాడో బయటి ప్రపంచానికి తెలిస్తే అతని ఒంటి మీద చెయ్యి పడడం కష్టమవుతుందన్నది దీని వెనుక ఉన్న సాదా తర్కం. కన్నబిరాన్, బాలగోపాల్ వంటివారు పౌరహక్కుల సంఘంలో పనిచేసిన రోజులు ఎరిగిన తెలుగువారికి ఈ తర్కాన్ని విడమరచి చెప్పవలసిన అవసరం లేదు. "మా దగ్గర లేడు" అన్న మూడు మాటలు ఎంత ప్రమాదకరమైనవో ఆ తరం చూసింది.

తరువాత ఈ ఆదేశాలు క్రిమినల్ ప్రొసీజర్ కోడులోకి ఎక్కాయి. 2010 నవంబరులో అమలుకు వచ్చిన 41-సి సెక్షను ప్రకారం కంట్రోల్ రూము బయట బోర్డు మీద రెండు వివరాలుండాలి: అరెస్టయిన వారి పేర్లు, చిరునామాలు, అరెస్టు చేసిన అధికారుల పేర్లు, హోదాలు. ఆ రెండవ వివరమే దానికి ప్రాణం. రాష్ట్ర స్థాయిలో ప్రజల ఎరుక కోసం ఒక సమాచార నిధిని నిర్వహించాలని కూడా ఆ సెక్షను చెప్పింది. 2024 జూలై 1న దాని స్థానంలోకి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులోని 37వ సెక్షను ప్రతి స్టేషనులోను, ప్రతి జిల్లాలోను ఏ.ఎస్.ఐ. హోదాకు తగ్గని ఒక అధికారిని ఈ పనికి నియమించాలంటుంది. సమాచారాన్ని డిజిటల్ పద్ధతిలోనైనా సరే ప్రతి స్టేషనులోను ప్రముఖంగా ప్రదర్శించాలంటుంది. వినడానికి మెరుగుగానే ఉంది. అయితే ప్రదర్శించవలసిన వివరాలను నిదానంగా చదవండి. అరెస్టయిన వారి పేరు, చిరునామా, మోపిన నేరం స్వభావం. అరెస్టు చేసిన అధికారి పేరు మాయమైంది. దాని స్థానంలో నేరం వచ్చి కూర్చుంది. పోలీసును జవాబుదారీ చేయడానికి పుట్టిన బోర్డు, నిందితుణ్ణి వీధిలో నిలబెట్టే బోర్డుగా మారడానికి ఒక్క వాక్యం సవరణ సరిపోయింది. దీని మీద ఎక్కడా పెద్దగా చర్చ జరిగినట్టు నేను గమనించలేదు.

ఇంతకీ వెతకడం ఎలా? హైటెక్ సిటీలో మొదటి చిక్కు సరిహద్దులది. దుర్గం చెరువు తీగల వంతెనకు ఒక కొసన జూబిలీ హిల్సు, అది హైదరాబాదు కమిషనరేటు. రెండవ కొసన మాదాపూరు, అది సైబరాబాదు. ఒకే సాయంత్రం ఒకే మిత్రబృందం రెండు కమిషనరేట్లలో తిరిగి వస్తుంది. మాదాపూరు, రాయదుర్గం, గచ్చిబౌలి స్టేషన్ల మధ్య గీత ఎక్కడుందో అక్కడ పదేళ్ళుగా ఉద్యోగం చేసేవారు కూడా చెప్పలేరు. పైగా పట్టుకున్నవారు స్థానిక స్టేషనువారే కానక్కరలేదు. ఎస్.ఓ.టి. అనే ప్రత్యేక బృందాలున్నాయి, సైబర్ నేరాల స్టేషను వేరే ఉంది, పొరుగు రాష్ట్రాల పోలీసులు వచ్చి తీసుకుపోవడమూ ఉంది. కనుక ఒక్క స్టేషనులో అడిగి ఊరుకోకుండా 112కు గాని, కమిషనరేటు కంట్రోల్ రూముకు గాని ఫోను చేయాలి. 37వ సెక్షను కింద నియమితుడైన అధికారి ఎవరని పేరు పెట్టి అడగాలి. అరెస్టు చేసిన అధికారి ఆ సంగతిని బంధువుకో మిత్రునికో తెలపడంతో పాటు జిల్లాలోని ఆ అధికారికి కూడా తెలపాలని 48వ సెక్షను నిర్దేశిస్తోంది. వారంటు మీద పరాయి జిల్లా పోలీసులు పట్టుకుంటే, ఆ మనిషి మామూలుగా నివసించే జిల్లా అధికారికి కూడా వెంటనే చెప్పాలని 82వ సెక్షను అంటుంది. సెక్షను నెంబరు చెప్పి అడిగితే అవతలి గొంతు కొంచెం మారుతుంది. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

కేసు నమోదైతే ఎఫ్.ఐ.ఆర్. ఉంటుంది. 24 గంటలలో దానిని పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని 2016 సెప్టెంబరులో యూత్ బార్ అసోసియేషను కేసులో సుప్రీం కోర్టు ఆదేశించింది. లైంగిక నేరాలు, తీవ్రవాదం వంటి సున్నితమైన వాటికి మినహాయింపు ఉంది. ఎఫ్.ఐ.ఆర్. నెంబరు, స్టేషను, సంవత్సరం దొరికితే ఈ-కోర్ట్సు సైటులో కేసు ఎక్కడ ఉందో వెతకవచ్చు. అరెస్టయిన 24 గంటలలో, ప్రయాణ కాలం మినహాయించి, మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాలి కాబట్టి ఆ పాటికి రిమాండు రిపోర్టు కోర్టులో ఉంటుంది. మనిషిని ఏ తేదీన, ఏ వేళకు, ఎక్కడ పట్టుకున్నారో పోలీసుల కథనం అందులో దొరుకుతుంది. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు 15100కు ఫోను చేస్తే న్యాయ సేవాధికార సంస్థ పలుకుతుంది. సమాచార హక్కు చట్టం 7వ సెక్షను ప్రకారం ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారాన్ని 48 గంటలలో ఇవ్వాలి. 30 రోజులు ఆగమని ఎవరైనా చెబితే ఒప్పుకోనక్కరలేదు.

ఇంత ఉన్నా ఒక పెద్ద కన్నం మిగిలే ఉంది. చిట్టా మొదలయ్యేది పోలీసులు అరెస్టు సమయం రాసుకున్నప్పటినుంచి. దానికి ముందు గంటలలో మనిషి చట్టం దృష్టిలో ఎక్కడా లేడు. "విచారణకు పిలిచాం, పంపించేస్తాం" అంటారు. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాలలో అరెస్టు కన్న నోటీసు మేలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో కోర్టు చెప్పింది, మంచిదే. కాని నోటీసూ చేతిలో పెట్టక, అరెస్టూ రాయక స్టేషను బల్ల మీద కూర్చోబెట్టిన మనిషి ఏ బోర్డు మీదకూ ఎక్కడు. ఈ కారిడారులోనే ఒక స్టేషనుకు తెలిసిన కుటుంబంతో వెళ్ళినప్పుడు గోడ మీద బోర్డుల కోసం ప్రత్యేకంగా చూశాను. పౌర సేవల పట్టిక ఉంది, సైబర్ మోసాల హెచ్చరిక ఉంది, అధికారుల సెల్ నెంబర్లున్నాయి. అరెస్టుల జాబితా కనిపించలేదు. అడిగితే, "మీకెందుకండీ అవన్నీ, మీవాడు పొద్దున వచ్చేస్తాడు" అన్నారు. వచ్చాడు కూడా. ఆ రాత్రి అతడు స్టేషనులో ఉన్నాడని చెప్పే కాగితం మాత్రం ఈ భూమి మీద లేదు.

దీనితో పోలిస్తే 2019 జనవరి గుర్తుకు వస్తుంది. అమెరికా వలస శాఖ తానే పెట్టిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అనే బూటకపు సంస్థలో చేరిన విద్యార్థులను ఆ దేశమంతటా పట్టుకున్నారు. నిర్బంధించిన 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో తెలుగు పిల్లలు ఎందరో. వల పన్నిన తీరు నికృష్టమే, దానిని నేను సమర్థించను. అయినా ఆ శాఖవారి సైటులో పేరు, పుట్టిన దేశం కొట్టి పిల్లవాడు ఏ నిర్బంధ కేంద్రంలో ఉన్నాడో తల్లిదండ్రులు ఇక్కడ ఇంట్లో కూర్చుని వెతుక్కునే వీలుంది. (పేరు అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి, ఇంటిపేరు ముందా వెనుకా అన్న మన గందరగోళం అక్కడా బాధిస్తుంది.) సముద్రాల ఆవలి నిర్బంధ కేంద్రంలో ఉన్నవాడి జాడకు ఒక దారి ఉంటే, మాదాపూరులో ఉన్నవాడి జాడకు ఫోన్ల మీద ఫోన్లు చేయవలసి రావడం సాంకేతిక నగరమని పేరు పెట్టుకున్న చోట విడ్డూరం.

చిట్టాలో రాసేది నిజమై ఉండడం కూడా ముఖ్యం. 2019 నవంబరులో అప్పటి సైబరాబాదు పోలీసులు ఒక ఘోరమైన అత్యాచారం, హత్య కేసులో నలుగురిని అరెస్టు చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురూ పోలీసు తూటాలకు చనిపోయారు. జనం పూలు చల్లారు. సుప్రీం కోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషను నివేదిక 2022 మేలో బయటపడింది. పోలీసుల కథనం నమ్మదగినది కాదని, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని కమిషను చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. మైనరు అని ఉంటే వారు వెళ్ళవలసింది బాలల న్యాయ మండలికి. అరెస్టు కాగితంలో వయసు గడి చాలా చిన్నది. దానిని ఎవరైనా బయటివారు ఆ వారం రోజులలో చూసి ప్రశ్నించి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి ధైర్యం చాలదు.

ఇక రెండవ వర్గం. ఉద్యోగుల నేపథ్యాన్ని పరిశీలించే ఏజెన్సీలు కోర్టుల సైట్లలో పేరు కొట్టి చూస్తాయి. శ్రీనివాసరావులు, వెంకటేశులు, మహమ్మదులు వీధికి పది మంది ఉండే ఊరిలో తండ్రి పేరు, చిరునామా సరిచూడకుండా రంగు పూసిన రిపోర్టు ఒకటి తయారవుతుంది. కేసు కొట్టివేసినా పేరు అక్కడే ఉంటుంది. అరెస్టు అంటే పోలీసుల అనుమానం. నేరం రుజువైందని తీర్పు చెప్పేది కోర్టు. ఈ తేడా తెలియనివారు మానవ వనరుల శాఖలో ఉన్నారని నేను అనుకోను. తెలిసీ, చిక్కు ఎందుకని పక్కన పెడతారు. ఉద్యోగపు ఫారంలో "ఎప్పుడైనా అరెస్టయ్యారా?" అని అడిగే గడిని ఆ కంపెనీలు ఈపాటికి తీసివేయవలసింది. శిక్ష పడిందా అని అడగవచ్చు, ఆ ఉద్యోగానికి సంబంధించిన నేరమైతే విచారణలో ఉన్న కేసు గురించీ అడగవచ్చు. ఇరవై ఏళ్ళ వయసులో ధర్నాకు వెళ్ళి ఒక సాయంత్రం స్టేషనులో కూర్చున్నవాడు ముప్పై అయిదేళ్ళకు ఆ గడి ముందు పెన్ను పట్టుకుని తటపటాయిస్తాడు. అవునని రాస్తే ఉద్యోగం పోతుందని, కాదని రాస్తే అబద్ధమాడాడని తీసేస్తారని రెండు విధాలా భయమే.

బోర్డు మీద అరెస్టు చేసిన అధికారి పేరు తిరిగి రావాలి, పట్టుకున్న వేళ కూడా పక్కనే ఉండాలి, అదీ తెలుగులో. కోర్టులో హాజరుపరిచి, బంధువులకు కబురు అందిన తరువాత నిందితుడి పేరు ఆ బోర్డు మీదనుంచి దిగిపోవచ్చు. చట్టంలో కొట్టివేసిన ఆ పేరును 37వ సెక్షను కింద తమ నిబంధనలలో చేర్చుకోకుండా రాష్ట్ర ప్రభుత్వాన్ని ఎవరూ ఆపడం లేదు.