మిల్లు బోర్డున రైతుకొక స్థానము

చెరకు ఆడగా మిగిలిన పిప్పి బాయిలరులో మండి, మొలాసిస్ ఆల్కహాలుగా మారి, ఫిల్టరు మడ్డి ఎరువై తిరిగి చేలకు చేరి, ఏదియు వ్యర్థము గాకుండుటయే నేడు లోకము చక్రీయ ఆర్థిక వ్యవస్థయని కీర్తించు పద్ధతి యైనచో, దానిని గోదావరి మండలమునకు పరదేశీయులు వచ్చి బోధింపవలసిన పని లేదు. 1947లో తణుకున ఆంధ్రా షుగర్స్‌ను నెలకొల్పిన ముళ్లపూడి హరిశ్చంద్ర ప్రసాదు గారును వారి సహచరులును ఒక్క చక్కెరతో తృప్తిచెందక, ఆ సంస్థను క్రమక్రమముగా మొలాసిస్ ఆల్కహాలునకు, ఆస్పిరిన్‌కు, కొవ్వూరున కాస్టిక్ సోడాకు, తుదకు ఇస్రో రాకెట్ల ద్రవేంధనమునకు గూడ విస్తరింపజేసిరి. వారు ఈ నేలవారు. చెరకు తోట గట్టు నెరిగినవారు. తెల్లవారిన రైతు ముఖము చూడవలసినవారు. బోర్డున ఎవరు కూర్చుందురను దానికిని, మిల్లు వెనుక తూమున ఏమి పారునను దానికిని గాఢమైన సంబంధము గలదని నేను నమ్ముట కిదియే మూలము.

రాజమహేంద్రవరపు కాగితపు మిల్లు కథ వేరు. 1924లో కర్ణాటిక్ పేపర్ మిల్స్‌గా పుట్టి, కొంతకాలము ప్రభుత్వపు చేతిలో నడచి, 1964లో ప్రైవేటు యాజమాన్యమునకు మారి, 2011లో అమెరికావారి ఇంటర్నేషనల్ పేపర్ వశమై, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ చేతికి వచ్చినది. యజమాని మారినపుడెల్ల నిర్ణయములు జరుగు గది ఎటో జరుగుచుండెను గాని, సరుగుడును సుబాబులును నాటి ఏండ్ల తరబడి కాచుకొను రైతును, మిల్లునకు నీరిచ్చు గోదావరియు ఇచ్చటనే యున్నవి.

బోర్డున ఎవరుండవలెనను విషయమున 2013 నాటి కంపెనీల చట్టము, లిస్టయిన కంపెనీల బోర్డున మూడవ వంతు స్వతంత్ర డైరెక్టర్లును, కనీస మొక మహిళయు ఉండవలెనన్నది. పలుచోట్ల ఆ స్థానమును యజమాని కుటుంబపు స్త్రీతోనే నింపగా, పెద్ద కంపెనీలలో మొదటి వేయింటికి స్వతంత్ర మహిళా డైరెక్టరు తప్పదని సెబీ 2020 ఏప్రిల్ నుండి శాసించినది. మేలే. అయినను భీమవరపు రొయ్యల షెడ్లలో తలలు తీయు స్త్రీకిని, కోనసీమలో కొబ్బరి పీచు పేను స్త్రీకిని ఏది పారవేయబడుచున్నదో కన్నులార తెలియును. ఆ తెలివి బోర్డు గదిని చేరుట లేదు. రొయ్య పెంకునుండి కైటోసాన్ తీయవచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పెంకు ఎచ్చట కుళ్లుచున్నదో చెప్పగలవారు మాత్రము ఆ స్త్రీలే.

ఆ తెలివిని బోర్డునకు చేర్చుటకు క్రొత్త చట్టము గూడ అక్కరలేదు. 2013 నాటి చట్టములోని 151వ సెక్షను, ముఖవిలువ రూ. 20,000కు మించని వాటాలుగల చిన్న వాటాదారులు లిస్టయిన కంపెనీ బోర్డునకు తమ డైరెక్టరు నొకరిని ఎన్నుకొను వీలు కల్పించినది. అట్టివారిలో వేయిమంది గాని, పదవ వంతు గాని, ఏది తక్కువైన అంతమంది, నోటీసిచ్చిన చాలును. డెల్టాలో ఈ మిల్లుల వాటాలు గల రైతు కుటుంబములు వచ్చు సర్వసభ్య సమావేశమునకు పదునాలుగు దినములు ముందుగనే ఆ నోటీసు వ్రాసి, మురుగు కాలువ వాసన నెరిగిన యొకరి పేరును ప్రతిపాదింపవలయును.