పలక కావాల, పాట వద్దా?

2024 జూన్ 29 రాత్రి బార్బడోస్‌లో మనోళ్లు దక్షిణాఫ్రికాను 7 పరుగులతో ఓడించినారు. దేశమంతా టపాకాయలే. అట్లాంటి రాత్రి పాటలు రాసుకునే మన పిల్లోళ్లను చూసి, ‘ఇప్పుడూ కాగితాలేనా, దేశభక్తి లేదా?’ అనేవాళ్లకు ఈ జవాబు.

ఆట మీద మాకు పగ లేదు. పల్వంకర్ బాలూ మనవాడే. 1911లో ఇంగ్లాండులో వందకు పైగా వికెట్లు తీసినోడు. పూనాలో ఆయన బంతి కావాల, ఆయనకు టీ మాత్రం పెవిలియన్ బయట, మట్టి ముంతలో! హిందూ జట్టుకు కెప్టెన్‌గా ఆయన పనికిరాలేదు. కామెంటరీలో ఈ మాట వచ్చిందా?

పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకు పలక కావాల. గెలుపు ఊరేగింపుకూ పలకే. కొట్టే ముసలాయన నోట్లో పాట మాత్రం ఎవరికీ వద్దు. మ్యాచ్ ఎప్పుడన్నా చూడొచ్చు. ఆయన పోతే పాట యాడ దొరుకుతుంది? 1919లో ఠాగూరు మదనపల్లెలో జనగణమనను ఇంగ్లీషు చేసినాడని బడిలో చెప్తారు, సరే. ఆ ఊరి మాదిగవాడ పాట ఏ బడి చెప్తాది?

తమ్ముళ్లూ, ఊరేగింపుకు పిలిస్తే ముందు కూలి ఎంతో తేల్చుకోండి. కుప్పం పల్లెలు ఇంకా మిగిలుండాయి. అక్కడి పాటల్లో తమిళం, కన్నడం కలిసొస్తాయి. విన్నది విన్నట్టే రాయండి, దిద్దొద్దు.