మంచినీళ్ళు ఎక్కడ చెడుతున్నాయి?

ఈ ఏడాది మన యూనియన్ కోరికల జాబితాలో మొదటిది హాస్టల్‌కి ఆర్.ఓ. మిషను. కిందటేడు మా వరండాలో ఇద్దరు మిత్రులు పచ్చకామెర్లతో పరీక్షలు పోగొట్టుకున్నారు. అందుచేత ఆ కోరికను నేను ఎగతాళి చెయ్యను. కాని మనం అడగవలసింది అడగడం లేదని మాత్రం చెప్పదలిచాను.

గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాదు వదలలేరని పెద్దవాళ్ళనేవారు. 1908 మూసీ వరదల తర్వాత విశ్వేశ్వరయ్యగారి సలహాల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. గండిపేట నీరు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లలో వడగట్టి ఊరికి పంపేవారు. ఊరు పెరిగింది, మంజీర వచ్చింది, సింగూరు వచ్చింది. 2004లో కృష్ణ, 2015లో గోదావరి వచ్చాయి. నూరు కిలోమీటర్లకు పైగా దూరం నుంచి నీళ్ళని పంపులతో ఎత్తి తెచ్చుకుంటున్నాం. అది చిన్న పని కాదు.

నీటిని శుభ్రపరచడంలోనూ వింతేమీ లేదు. మన అమ్మమ్మలు ఇండుప గింజ అరగదీసి బిందెలో కలిపితే బురద అడుక్కి దిగేది. శుద్ధి కేంద్రంలో పటిక చేసేదీ ఆ పనే. సన్నని మట్టి ముద్దకట్టి అడుక్కి చేరుతుంది, మిగిలింది ఇసుక పొరలు వడగడతాయి, ఆఖరున క్లోరిన్ క్రిములను చంపుతుంది. అది అక్కడితో ఖర్చయిపోకుండా, దారిపొడుగునా కాపలాగా కొంత మిగలాలి. మన నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలని భారతీయ ప్రమాణం.

మరి నీళ్ళు ఎక్కడ చెడుతున్నాయి? దారిలో! రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వదిలే నీళ్ళకు పైపులు మిగతా వేళల్లో ఖాళీగా పడుంటాయి. లోపల ఒత్తిడి లేనప్పుడు పగుళ్ళ గుండా బయటి మురుగు లోపలికి చేరుతుంది. మంచినీటి పైపూ, మోరీ పైపూ ఒకే గుంతలో పక్కపక్కన పడుకున్న బస్తీల్లో ఏమవుతుందో వేరే చెప్పాలా? 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో అదే జరిగింది. మురుగు కలిసిన నల్లా నీళ్ళు తాగి పలువురు చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు.

ఇందులో మన వాటా కూడా ఉందండీ. నల్లాకి నేరుగా మోటారు బిగించి లాగే మధ్యతరగతి ఇల్లు తన సంపు నింపుకోవడమే కాదు, వీధి పైపులోకి మురుగును కూడా పీలుస్తోంది. ఆ నీళ్ళు పట్టుకునేది చివరి ఇంటి ఆయమ్మ. ఆమెకి మోటారూ లేదు, ఫిల్టరూ లేదు. ఇక మన హాస్టల్ సంపు ఆఖరుసారి ఎప్పుడు కడిగారని అడిగితే వాచ్‌మన్ నవ్వి ఊరుకున్నాడు.

ఆర్.ఓ. మిషను ఈ జబ్బుకి మందు కాదు. ఒక గ్లాసు ఇచ్చి రెండు మూడు గ్లాసులు మోరీలో పోసే రకాలు ఎన్నో ఉన్నాయి. నీళ్ళలో కాపలా ఉన్న క్లోరిన్‌నీ అది మిగలనివ్వదు గనుక, పట్టిన నీళ్ళు మురికి సీసాలో పోస్తే మళ్ళీ మొదటికే వస్తాం. అన్నిటికంటే పెద్ద నష్టం మరొకటుంది. నోరున్నవాళ్ళందరూ డబ్బాల నీళ్ళకి, మిషన్లకి మళ్ళితే నల్లా గురించి అడిగేవాడెవడు? నోరులేనివాళ్ళే మిగులుతారు.

"మన దేశంలో నల్లా నీళ్ళు నేరుగా తాగడమా, జరిగే పనేనా?" అంటారు. పూరీ పట్టణంలో 2021లో రోజంతా, నేరుగా తాగగలిగే నల్లా నీళ్ళ సరఫరా మొదలుపెట్టారు. యాత్రికులతో కిటకిటలాడే ఊరు ఆ పనికి పూనుకోగా లేనిది మనమెందుకు నోరు మూసుకోవాలి?

కాబట్టి నా ప్రతిపాదన ఇది. మిషను డబ్బులో కొంతతో ముందు మన సంపు కడిగిద్దాం, దానికి మూత పెట్టిద్దాం. నీళ్ళలో క్లోరిన్ ఉందో లేదో చూసే పరీక్షకు పట్టేది ఒకటి రెండు నిమిషాలు. డి.పి.డి. మాత్ర వేస్తే, క్లోరిన్ ఉన్న నీళ్ళు గులాబీరంగుకి తిరుగుతాయి. ఆ రంగు ఎంత ముదురుగా ఉందో చూసి ఎంత క్లోరిన్ ఉందో చెప్పవచ్చు. మన కెమిస్ట్రీ డిపార్టుమెంటుకి ఇదొక లెక్కా? వారానికి ఒకరోజు హాస్టల్ నల్లా దగ్గరా, గేటు ఎదుటి బస్తీలో మూడు నల్లాల దగ్గరా పరీక్షించి, ఆ అంకెలు నోటీసు బోర్డు మీద పెడదాం. తగ్గిన రోజున ఆ కాగితం పట్టుకుని అధికారుల దగ్గరికి వెళదాం. నినాదానికి జవాబు చెప్పకుండా తప్పించుకోవచ్చు. తేదీతో, చోటుతో, అంకెతో రాసిన కాగితాన్ని తప్పించుకోవడం కష్టం.

లెక్చరర్లు లాబు తాళాలు ఇస్తే చాలు. నల్లా దగ్గర వంతు నిలబడడానికి మేము సిద్ధం.